పాత వీడియో క్యాసెట్లు లైనక్స్‌లోకి: ఏ సామాను కొనాలి, ఏది వద్దు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో బీరువా పై అర వెతికితే ఇప్పటికీ నాలుగైదు వీడియో క్యాసెట్లు దొరుకుతాయి. పెళ్లివి, ఓణీల ఫంక్షన్‌వి, బరంపురం వాళ్లయితే రెండేళ్లకోసారి వచ్చే బుడి ఠాకురాణి యాత్రవి. నౌపడా నుంచి గుణుపురం దాకా నడిచిన చిన్న రైలు గేజ్ మార్పు కోసం 2004లో ఆగిపోయింది. ఆ రెండున్నర అడుగుల పట్టాల బండి ఎవరి పెళ్లి క్యాసెట్లోనైనా ఒక్క నిమిషం కనిపించినా చాలు, ఆ లైను పొడుగునా ఉన్న ఊళ్లన్నీ చూడాలనుకునే వీడియో అవుతుంది.

వాటిని ఫైళ్లుగా మార్చడానికి లైనక్స్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న కంప్యూటర్ చక్కగా సరిపోతుంది. పాత ల్యాప్‌టాప్ అయినా ఫర్వాలేదు. చిక్కంతా సామాను ఎంచుకోవడంలోనే ఉంది. నా లెక్కలో డబ్బు ముందు ప్లేయర్ మీద పెట్టాలి, మిగిలింది ప్లేయర్ సిగ్నల్‌ను కంప్యూటర్‌లోకి పంపే క్యాప్చర్ పరికరం మీద. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

ముందు క్యాసెట్లు బయటికి తీయండి

మీ దగ్గరున్నది ఏ రకమో తెలియకుండా ఏదీ కొనకండి. పుస్తకమంత పెద్దది వీహెచ్‌ఎస్. అదే టేపు చిన్న డబ్బాలో ఉంటే వీహెచ్‌ఎస్-సీ. దీన్ని పెద్ద క్యాసెట్ ఆకారంలో ఉండే అడాప్టర్‌లో పెట్టి మామూలు వీసీఆర్‌లోనే ఆడించవచ్చు. అరచేతిలో పట్టే వీడియో8, హై8 క్యాసెట్లకు అలాంటి అడాప్టర్ అసలు లేదు. ఉందని ఎవరైనా చెప్పినా నమ్మకండి, టేపు వెడల్పే వేరు. వాటికి ఆ రకం కెమెరానే కావాలి. అన్నిటికంటే చిన్నది మినీడీవీ. అందులో ఉన్నది అప్పటికే డిజిటల్ కాబట్టి దాని దారి వేరు, కింద చెబుతాను.

మన దేశంలో రికార్డు చేసినవన్నీ పాల్ పద్ధతిలో ఉంటాయి: సెకనుకు 25 ఫ్రేములు, కనిపించే గీతలు 576. అమెరికా నుంచి చుట్టాలు పంపిన క్యాసెట్ అయితే ఎన్‌టీఎస్‌సీ కావచ్చు. అలాంటివి పక్కన పెట్టుకోండి, మీ వీసీఆర్ ఆడించగలదో లేదో విడిగా చూడాలి.

తర్వాత క్యాసెట్ మూత ఎత్తి, కిటికీ దగ్గర వెలుతురులో టేపు చుట్ట అంచు చూడండి. గోపాలపూర్, ఛత్రపురం లాంటి సముద్రం పక్క ఊళ్లలో తేమకు బూజు పట్టడం మామూలే. తెల్లని పొడి గానీ మచ్చలు గానీ ఉంటే దాన్ని వీసీఆర్‌లో పెట్టకండి. ఆ బూజు హెడ్డుకు (టేపును చదివే భాగానికి) అంటుకుని తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కూ పాకుతుంది. 2013 ఫైలిన్‌లోనో 2018 తిత్లీ వరదలోనో తడిసిన క్యాసెట్లు ఉంటే వాటినీ విడిగా ఉంచండి, అది వేరే పని. బాగున్న వీహెచ్‌ఎస్ క్యాసెట్లకు వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పైన ఏమీ పడదు.

ప్లేయర్: ఇక్కడ తొందరపడకండి

కొత్త వీసీఆర్‌లు ఇప్పుడెవరూ తయారు చేయడం లేదు. చివరిదాకా చేసిన జపాన్ కంపెనీ ఫునై కూడా 2016లో మానేసింది. కాబట్టి దొరికేవన్నీ పాతవే. ఎక్కడ దొరుకుతాయంటే, ఒకప్పుడు వీడియో లైబ్రరీ నడిపినవాళ్ల ఇళ్లలో, పెళ్లి వీడియోలు తీసిన స్టూడియోల అటకల మీద, పాత టీవీ మెకానిక్‌ల దగ్గర. బరంపురంలో లేకపోతే విశాఖపట్నంలో అడగవచ్చు. ఆన్‌లైన్‌లో కూడా వస్తాయి గానీ పార్సిల్‌లో కుదుపులకు లోపలి మెకానిజం దెబ్బతినే ప్రమాదం ఉంది. చేతితో తెచ్చుకోగలిగినదే మేలు.

వీసీఆరే కావాలని పట్టుబట్టకండి. మన వైపు ఎక్కువ ఇళ్లలో ఉండేది వీసీపీ, అంటే ఆడించడం తప్ప రికార్డు చేయలేనిది. మన పనికి అదే చాలు. పైగా చెరిగిపోతుందన్న టెన్షన్ ఉండదు.

కొనే ముందు వెనక చూడండి. పసుపు, తెలుపు రంగుల ఆర్‌సీఏ సాకెట్లు ఉండాలి. ఎర్రది కూడా ఉంటే స్టీరియో. లేకపోతే మోనో, అదేం లోటు కాదు, ఆ రోజుల్లో పెళ్లి వీడియోల ధ్వని ఎక్కువగా మోనోనే. టీవీ యాంటెన్నా సాకెట్ ఒక్కటే ఉన్న మిషన్ అయితే వదిలేయండి. దాని సిగ్నల్ పట్టుకోవాలంటే మధ్యలో ట్యూనర్ కావాలి, బొమ్మ కూడా ఇంకాస్త చెడుతుంది.

పోయినా బాధ లేని ఒక పాత సినిమా క్యాసెట్ మీతో తీసుకెళ్లండి. ముందు దాన్ని పెట్టి చివరిదాకా ఫాస్ట్ ఫార్వర్డ్, మళ్లీ రివైండ్ చేయించండి. మధ్యలో మూలిగి ఆగిపోతే బెల్టులు సాగిపోయాయని అర్థం. ఆడుతున్నప్పుడు టేపు అంచు నలిగితే పించ్ రోలర్ (టేపును నొక్కి నడిపే రబ్బరు చక్రం) గట్టిపడి ఉంటుంది. బెల్టు మార్చడం మెకానిక్‌కు చిన్న పనే, కానీ రోలర్ దొరకడం కష్టం. బొమ్మ నిండా మంచు కురుస్తున్నట్టుంటే మాత్రం భయపడనక్కర్లేదు, హెడ్డు మురికి పట్టి ఉండవచ్చు.

హెడ్డు శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి, సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్ల దగ్గర ఉంటుంది. చెవి పుల్లలు వాడకండి, దూది పోగు హెడ్డు అంచులో ఇరుక్కుంటుంది. పోగులు రాలని మెత్తని తోలు గుడ్డను తడిపి, గుండ్రని డ్రమ్ముకు కదలకుండా ఆనించి, డ్రమ్మును పైనుంచి వేలితో నెమ్మదిగా తిప్పండి. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు ఊడిపోతుంది. అలవాటు లేకపోతే మెకానిక్ చేత చేయించండి, దగ్గరుండి చూడండి.

పెళ్లి వీడియో తీసిన స్టూడియో ఇప్పటికీ నడుస్తుంటే ఒకసారి వెళ్లి అడగండి. రికార్డు చేసిన మిషన్ లోనే ఆడిస్తే ట్రాకింగ్, అంటే హెడ్డు టేపు మీది రికార్డింగ్ దారి వెంటే నడవడం, చక్కగా కుదురుతుంది. ముఖ్యంగా టేపు ఆదా కోసం ఎల్పీ వేగంలో తీసిన క్యాసెట్లు వేరే మిషన్లలో సరిగా ఆడవు.

వంకరలు సరిచేసే పెట్టె

వీహెచ్‌ఎస్ టేపు నడక ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. ఒక్కో గీత ఒక వెంట్రుకవాసి ముందో వెనకో మొదలవుతుంది. పాత డబ్బా టీవీ దాన్ని సర్దుకునేది, క్యాప్చర్ చిప్ అంత ఓర్పుగా ఉండదు. ఫలితంగా బొమ్మ పైభాగం ఒక పక్కకు వంగుతుంది, గుడి స్తంభాలు, తలుపు చట్రాలు వణుకుతాయి, కొన్ని ఫ్రేములు జారిపోతాయి. దీన్ని సరిచేసేది టీబీసీ, అంటే టైమ్ బేస్ కరెక్టర్.

విడిగా అమ్మే టీబీసీలు పాతవి, ఖరీదైనవి, మన వైపు దొరకవు. తేలిక దారి ఒకటుంది. పానాసోనిక్ డీవీడీ రికార్డర్లలో ఈఎస్10, ఈఎస్15 అనే మోడళ్లను ప్రపంచమంతా ఈ పనికే వాడుతున్నారు. వీసీఆర్ నుంచి సిగ్నల్‌ను అందులోకి పంపి, అటువైపు ఎస్-వీడియో కేబుల్‌తో (వెలుగును, రంగును విడివిడిగా పంపేది) బయటికి తీయాలి. డిస్క్ రాయనక్కర్లేదు, సిగ్నల్ అందులోంచి దాటితే చాలు, గీతలు నిటారుగా వస్తాయి.

అయితే ముందే దీని కోసం పరుగెత్తకండి. మొదట ఇది లేకుండానే పది నిమిషాలు క్యాప్చర్ చేసి, బొమ్మలో ఏదైనా నిలువు వస్తువు చూడండి. స్తంభం స్తంభంలాగే నిలబడితే ఈ ఖర్చు మానేయవచ్చు.

క్యాప్చర్ పరికరం: డబ్బా మీద పేరు చదవకండి

ఈజీక్యాప్ అనే పేరుతో బజారులో దొరికే చిన్న యూఎస్‌బీ పరికరాలు చూడ్డానికి అన్నీ ఒకటే. లోపల చిప్ మాత్రం ఏదైనా ఉండవచ్చు. దుకాణదారుణ్ణి చిప్ పేరేమిటని తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా ఒకటే జవాబు, “అన్ని కంప్యూటర్లకీ పనిచేస్తుందండీ” అని. డబ్బాలో ఇచ్చే డ్రైవర్ సీడీ విండోస్ కోసం. మీకు దానితో పని లేదు. లైనక్స్‌లో డ్రైవర్ కర్నెల్‌లోనే (లైనక్స్ మూల ప్రోగ్రాంలోనే) ఉంటుంది, లేకపోతే లేనట్టే.

కాబట్టి ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. పరికరం గుచ్చి, టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్ నడిపితే రెండు ముక్కల నంబర్ కనిపిస్తుంది. 05ఇ1:0408 అని వస్తే లోపల సింటెక్ ఎస్‌టీకే1160 ఉంది. దీని డ్రైవర్ 2012 నుంచి కర్నెల్‌లో ఉంది. 1బీ71:3002 అని వస్తే ఫుషికాయ్ యూటీవీ007, దీనికి యూఎస్‌బీటీవీ అనే డ్రైవర్ 2013లో వచ్చింది. ఈబీ1ఏ తో మొదలైతే ఎంపియా చిప్, ఈఎం28ఎక్స్‌ఎక్స్ అనే చాలా పాత డ్రైవర్ చూసుకుంటుంది. ఈ మూడింటిలో ఏదైనా తీసుకోవచ్చు. 1సీ88 తో మొదలైతే సోమాజిక్ చిప్. దీనికి కర్నెల్‌లో డ్రైవర్ లేదు. ఎవరో రాసిన విడి ప్రోగ్రాములతో కుస్తీ పట్టాలి, తిరిగి ఇచ్చేయండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు తీసుకుంటారో లేదో చూసుకునే కొనండి.

కాస్త ఎక్కువ పెట్టగలిగితే హాపాజ్ కంపెనీ యూఎస్‌బీ-లైవ్2 తీసుకోండి. పెట్టెలో ఏ చిప్ ఉందో ముందే తెలిసిన పరికరం అది. సీఎక్స్231ఎక్స్‌ఎక్స్ డ్రైవర్ దాన్ని గుర్తుపడుతుంది, ఎస్-వీడియో సాకెట్ కూడా ఉంటుంది. పైన చెప్పిన డీవీడీ రికార్డర్ కూడా వాడేవాళ్లకు ఈ సాకెట్ బాగా పనికొస్తుంది.

మీ ఇంట్లో పీసీఐ స్లాట్ ఉన్న పాత డెస్క్‌టాప్, అందులో పాత టీవీ ట్యూనర్ కార్డు ఉంటే పారేయకండి. బీటీ878, ఎస్‌ఏఏ7134 చిప్పుల కార్డులకు లైనక్స్ మద్దతు ఇప్పటికీ ఉంది. వాటిని ఊరికే ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు.

ఇప్పుడు అందరూ అమ్మేది ఇంకో జంట: ఏవీ కేబుళ్లను హెచ్‌డీఎంఐగా మార్చే తెల్ల డబ్బా, దాని వెనక హెచ్‌డీఎంఐ క్యాప్చర్ పరికరం. ఆ రెండోదానిలో ఎక్కువగా ఉండేది ఎంఎస్2109 చిప్, నంబర్ 534డీ:2109. వెబ్‌క్యామ్‌లన్నిటికీ ఉమ్మడిగా ఉండే యూవీసీ పద్ధతి కాబట్టి ఏ లైనక్స్‌లోనైనా గుచ్చగానే వెబ్‌క్యామ్‌లా కనిపిస్తుంది. అందుకే జనం దీన్ని మెచ్చుకుంటారు. నాకు మాత్రం నచ్చదు. తెల్ల డబ్బా బొమ్మను సాగదీసి హెచ్‌డీ సైజుకు పెంచుతుంది, ఒక్కో ఫ్రేములోని రెండు ఫీల్డులను (సరి గీతల సగం, బేసి గీతల సగం) తోచినట్టు కలిపేస్తుంది. ఆ తర్వాత పరికరం దాన్ని కుదించి పంపుతుంది. వాట్సాప్‌లో చుట్టాలకు పంపడానికి సరే, దాచుకునే కాపీకి వద్దు.

పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లతోనే యూవీసీగా వచ్చే పరికరాలూ ఉన్నాయి. వాటిని కొనే ముందు వీ4ఎల్2-సీటీఎల్ (v4l2-ctl) ప్రోగ్రాంతో అవి ఏయే ఫార్మాట్లు ఇస్తాయో చూడండి. వై‌యూవై‌వీ అనే కుదించని ఫార్మాట్‌లో 720 బై 576 సైజు ఆ జాబితాలో లేకపోతే మన పనికి కాదు.

మినీడీవీ వాళ్లకు క్యాప్చర్ పరికరమే అక్కర్లేదు

2000 తర్వాత పెళ్లిళ్లలో ఎక్కువగా వాడింది మినీడీవీ. దాన్ని పసుపు వైరుతో తీస్తే డిజిటల్‌ను అనలాగ్ చేసి మళ్లీ డిజిటల్ చేసినట్టు. కెమెరాకు ఫైర్‌వైర్ అనే డిజిటల్ సాకెట్ ఉంటుంది, టేపు మీద ఉన్నది ఉన్నట్టుగా అందులోంచే వస్తుంది. కెమెరాకు యూఎస్‌బీ సాకెట్ కూడా ఉందని సంతోషించకండి. చాలా మోడళ్లలో అది ఫోటోల కోసమో వెబ్‌క్యామ్ కోసమో పెట్టింది.

కొత్త ల్యాప్‌టాప్‌లలో ఫైర్‌వైర్ లేదు. డెస్క్‌టాప్ ఉంటే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు వేయించుకోవడం మంచిది. కార్డు కొనేటప్పుడు కేబుల్ కూడా చూసుకోండి, కెమెరా వైపు నాలుగు పిన్నులు, కార్డు వైపు ఆరు. డీవీగ్రాబ్ అనే ప్రోగ్రాం టేపును ఫైల్‌గా దించుతుంది, గంటకు సుమారు 13 జీబీ. లైనక్స్ కర్నెల్‌లో ఫైర్‌వైర్‌ను 2029 దాకా చూసుకుంటామని దాని నిర్వాహకుడు చెప్పారు. ఆ పని వాయిదా వేయకపోవడమే మంచిది.

సోనీ డిజిటల్8 కెమెరాల్లో కొన్ని మోడళ్లు పాత వీడియో8, హై8 టేపులను కూడా ఆడించి ఫైర్‌వైర్‌లో పంపుతాయి. హై8 క్యాసెట్లు ఎక్కువగా ఉన్నవాళ్లు మరేదీ వెతక్కుండా అలాంటి కెమెరా వెతకండి.

కరెంటు, వైర్లు

మన వైపు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఆడుతున్నప్పుడు పోతే టేపు డ్రమ్ముకు చుట్టుకుని ఉండిపోతుంది. లాగకండి, కరెంటు వచ్చాక మిషన్ తనే వెనక్కి తీసుకోవడానికి ప్రయత్నిస్తుంది. కంప్యూటర్ యూపీఎస్‌కు వీసీఆర్ కూడా తగిలిస్తే ఈ గొడవ ఉండదు, అది లాగే కరెంటు తక్కువే. చవకరకం ఇన్వర్టర్ మీద నడిపితే ధ్వనిలో హమ్ మని మోత, బొమ్మలో కదిలే అడ్డ పట్టీలు రావచ్చు. కరెంటు మీదే ఉన్నప్పుడు కూడా ఆ పట్టీలు వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. వీసీఆర్‌కు కేబుల్ టీవీ వైరు తగిలించి ఉంటే అదీ పీకేయండి.

పరికరాన్ని హబ్‌లో కాకుండా నేరుగా కంప్యూటర్‌కు గుచ్చండి. ధ్వనిని కూడా ఆ పరికరంలోంచే తీసుకోండి. ల్యాప్‌టాప్ మైక్ సాకెట్‌లో పెడితే బొమ్మకొకటి, ధ్వనికొకటిగా రెండు గడియారాలు వేరువేరుగా నడిచి, గంట తర్వాత మంగళసూత్రం కట్టాక గానీ గట్టిమేళం వినబడదు.

మొదటి క్యాప్చర్

ముందుగా పరికరానికి పాల్ అని చెప్పాలి. కొన్ని డ్రైవర్లు ఎన్‌టీఎస్‌సీతో మొదలవుతాయి. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తున్నా, ఉరుకుతున్నా, కింది భాగం తెగినా పరికరం పాడైందనుకోకండి, ఇదే కారణం కావచ్చు. వీ4ఎల్2-సీటీఎల్‌తో పాల్ పెట్టి, ఇన్‌పుట్ కాంపోజిట్టో (పసుపు వైరు) ఎస్-వీడియోనో ఎంచుకోండి. అక్కడే కాంట్రాస్ట్ కాస్త తగ్గించండి. పెళ్లి వీడియోల్లో ఫ్లడ్ లైట్ల కింద తెల్ల పంచెలు, మల్లెపూలు మామూలు సెట్టింగులో తెల్లని ముద్దగా మారిపోతాయి. ఒకసారి అలా పోయిన వివరం తర్వాత ఏ ఎడిటింగ్‌లోనూ తిరిగి రాదు.

రికార్డు చేయడానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే కమాండ్ ప్రోగ్రాం వాడండి. ఓబీఎస్ అనే రికార్డింగ్ ప్రోగ్రాం తేలిగ్గా ఉంటుంది గానీ, అది ఫీల్డులను అప్పుడే కలిపేసి కుదిస్తుంది. దాచే కాపీ 720 బై 576 సైజులో, ఇంటర్‌లేస్ (రెండు ఫీల్డుల అమరిక) అలాగే ఉంచి, ఎఫ్‌ఎఫ్‌వీ1 కోడెక్‌తో, ఎంకేవీ ఫైల్‌గా ఉండాలి. ఎఫ్‌ఎఫ్‌వీ1 కుదిస్తుంది గానీ ఒక్క చుక్క కూడా పోగొట్టదు. ఏమీ కుదించకపోతే గంటకు 75 జీబీ దాకా పట్టే వీడియో దీనితో 30 జీబీకి అటూ ఇటూగా వస్తుంది. మూడు గంటల ఇ-180 క్యాసెట్ ఒకదానికి 100 జీబీ ఖాళీ ఉంచుకోండి. పెన్ డ్రైవ్ మీదికి నేరుగా రికార్డు చేయకండి. అది ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దగ్గర ఫైల్ ఆగిపోతుంది, మీరు అప్పటికి వంటింట్లో ఉంటారు. చుట్టాలకు పంపే కాపీని తర్వాత తీరిగ్గా చేయండి: బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్‌తో ఇంటర్‌లేస్ తీసి, సెకనుకు 50 ఫ్రేములుగా, హెచ్264లో.

సరదా ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. వీసీఆర్ లోపలి హెడ్డు నుంచి వచ్చే ముడి సిగ్నల్‌నే సీఎక్స్2388ఎక్స్ చిప్ ఉన్న చవక కార్డుతో రికార్డు చేసి, బొమ్మను పూర్తిగా సాఫ్ట్‌వేర్‌తో తయారు చేసే వీహెచ్‌ఎస్-డీకోడ్. లైనక్స్‌లో హాయిగా నడుస్తుంది, టీబీసీ పెట్టె అవసరమే ఉండదు. కానీ వీసీఆర్ విప్పి సోల్డరింగ్ చేయాలి, ఒక్కో టేపుకు గంటలకొద్దీ ప్రాసెసింగ్. రెండు మూడు క్యాసెట్లున్న ఇంటికి ఇంత అక్కర్లేదు.

ఒక క్యాసెట్ పూర్తవగానే రెండోది పెట్టకండి. ఫైల్ చివరి ఐదు నిమిషాలు తెరిచి, ఎవరైనా మాట్లాడుతున్న చోట పెదవులు, మాట కలుస్తున్నాయో లేదో చూడండి. కలవకపోతే మధ్యలో ఫ్రేములు జారాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఇన్‌పుట్ క్యూ (వచ్చిన ఫ్రేములు వరసలో ఆగే చోటు) సైజు పెంచి, ల్యాప్‌టాప్‌లో మిగతావన్నీ మూసి, మళ్లీ ఒకసారి తీయండి. అప్పటికీ జారుతుంటే, ముఖ్యంగా రెండు రికార్డింగుల మధ్య ఖాళీ వచ్చిన చోటే జారుతుంటే, పైన చెప్పిన డీవీడీ రికార్డర్ వెతకడం మొదలుపెట్టవచ్చు.